చేతి మీది బ్యాక్టీరియా మనిషిని పట్టిస్తుందా?

వేలిముద్రలు తుడిచేసినా చేతి మీది బ్యాక్టీరియా వస్తువులకు అంటుకుని ఉంటుందని, దానితో నేరస్థుణ్ణి గుర్తించవచ్చని మీరు చదివారట. అది నిజమేనా, కోర్టులో నిలుస్తుందా అని అడిగారు. నేను ఫోరెన్సిక్ నిపుణుణ్ణి కాను. చర్మం మీది సూక్ష్మజీవులపై పరిశోధన చేసే ఒక ల్యాబులో మూడేళ్లు పనిచేశాను. మీ ప్రశ్నకు సూటిగా తగిలే సంఘటన ఒకటి అక్కడ నాకే ఎదురైంది. అందుకే రాస్తున్నాను.

మీరు చదివింది నిజమే. 2010లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్తలు నోవా ఫియరర్, రాబ్ నైట్ బృందం ముగ్గురి కీబోర్డుల మీటల మీద నమూనాలు తీసి, వాళ్ల వేళ్ల మీది బ్యాక్టీరియాతో పోల్చింది. ఎవరి మీటలు వాళ్ల వేళ్లకే దగ్గరగా వచ్చాయి. తర్వాత తొమ్మిది మంది వాడే కంప్యూటర్ మౌస్‌లు తీసుకున్నారు. వాటిని ఎన్నడూ తాకని 270 చేతుల సమాచారం పక్కన పెట్టి చూసినా, ప్రతి మౌసూ దాన్ని వాడే మనిషి చేతినే ఎక్కువగా పోలింది. చర్మం నమూనాలను గది ఉష్ణోగ్రతలో రెండు వారాలు వదిలేసినా ఆ పోలిక చెదరలేదు.

అదెలా సాధ్యమో అర్థం కావాలంటే అదే బృందం 2008లో చేసిన ఇంకో పని చూడాలి. 51 మంది విద్యార్థుల రెండు అరచేతులూ పరీక్షిస్తే, ఒక్కో అరచేతి మీద సగటున 150కి పైగా రకాల బ్యాక్టీరియా కనిపించింది. ఇద్దరు వేర్వేరు మనుషుల చేతుల మధ్య ఉమ్మడిగా ఉన్నవి అందులో 13 శాతమే. ఒకే మనిషి కుడి, ఎడమ చేతుల మధ్య కూడా 17 శాతమే! ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నా రెండు చేతులనూ కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఇక మా ల్యాబు సంగతి. కొత్తగా చేరిన వాళ్లకు పని నేర్పడానికి మా గైడు ఈ కీబోర్డు ప్రయోగాన్నే చిన్న ఎత్తున చేయించారు. ఆరుగురి చేతుల నమూనాలు, ఆరు కీబోర్డుల నమూనాలు. ఉప్పునీటి ద్రావణంలో తడిపిన స్వాబును (కొసన దూది ఉన్న పుల్లను) స్పేస్‌బార్ మీద, సరిగ్గా బొటనవేలు పడి నున్నగా మెరిసే చోట, తిప్పుతూ రుద్దాలి. ఆ కొసను విరిచి చిన్న ట్యూబులో వేయాలి. కంటికి ట్యూబులో ఏమీ కనిపించదు. దాని నుంచి డీఎన్‌ఏ తీసి, బ్యాక్టీరియా అన్నింటిలోనూ ఉండే 16ఎస్ అనే జన్యువును చదివిస్తాం. ఆ జన్యువులో తేడాలను బట్టి ఏ రకాలు ఎంతెంత ఉన్నాయో తెలుస్తుంది. వీటితోపాటు ఎక్కడా రుద్దని స్వాబు ఒకటి కూడా మొదటి నుంచి చివరి దాకా అన్ని దశల్లోనూ నడిపిస్తాం. దాన్ని ఖాళీ నమూనా అంటాం. దానికి ఖర్చు దండగ కదా అని అప్పట్లో నాకు అనిపించింది.

ఫలితాలు వచ్చాయి. ఐదు కీబోర్డులు వాటి యజమానులకే సరిపోయాయి. ఆరో కీబోర్డు విషయంలో, నమూనాలను పోల్చే కంప్యూటర్ ప్రోగ్రాం చూపించిన పేరు నాది. ఆ కీబోర్డు నేను ఒక్కసారి కూడా తాకలేదు.

నేనే పొరపాటున ట్యూబులు తారుమారు చేశానేమోనని రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. తర్వాత మా గైడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ నమూనా ఫలితం తెరిచారు. అందులో కనిపించిన బ్యాక్టీరియా రకాలే ఆ కీబోర్డులోనూ ఉన్నాయి, నా చేతి నమూనాలోనూ ఉన్నాయి. జరిగిందేమిటంటే, ఆ కీబోర్డును ముందు రోజు సాయంత్రం స్పిరిటుతో శుభ్రంగా తుడిచారు. నేనేమో చేతులు బాగా కడుక్కుని, గంటసేపు గ్లౌజులతో పనిచేసి, వాటిని తీసిన వెంటనే నమూనా ఇచ్చాను. రెండింటిలోనూ అసలు సరుకు చాలా తక్కువ. డీఎన్‌ఏ తీసే కిట్ల రసాయనాల్లో వాటి సొంత బ్యాక్టీరియా డీఎన్‌ఏ లవలేశం ఉంటుందని, నమూనాలో సరుకు తగ్గేకొద్దీ అదే పైకి తేలుతుందని 2014లో ఒక పరిశోధన స్పష్టంగా చూపించింది. అంటే ప్రోగ్రాం నా చేతినీ ఆ కీబోర్డునూ కలపలేదు. రెండు చోట్లా ఉన్న కిట్టు డీఎన్‌ఏను చూసి, ఒకటేనని చెప్పింది. ఖాళీ నమూనా లేకపోతే ఆ సంగతి మాలో ఎవరికీ తెలిసేది కాదు.

దీనిలోనే ఇంకో విషయం ఉంది. ఆ ప్రోగ్రాం పని ఆరుగురిలో ఎవరు ఎక్కువ దగ్గరో చెప్పడం. ఏడో మనిషి తాకి ఉంటే? అప్పుడూ ఆ ఆరుగురిలోంచే ఒక పేరు ఇస్తుంది. మా గదిలో అది ఒక పాఠంతో పోయింది. దర్యాప్తులో అయితే ఆ ఆరుగురూ అనుమానితులు.

వేలిముద్రతో పోల్చడం నాకు నచ్చనిదీ ఇందుకే. వేలి గీతలు పుట్టుకతో వచ్చి చివరి దాకా ఉంటాయి. బ్యాక్టీరియా యాంటీబయాటిక్ వాడితే మారుతుంది, ఎవరితో కలిసి ఉంటున్నామో దాన్నిబట్టి మారుతుంది. 2014లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త జాక్ గిల్బర్ట్ బృందం ఏడు కుటుంబాలను ఆరు వారాల పాటు గమనించింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్ల సూక్ష్మజీవులు చాలావరకు కలిసిపోయాయి. ఇల్లు మారిన కుటుంబాల విషయంలో కొత్త ఇల్లు కొద్ది రోజుల్లోనే పాత ఇంటిలా తయారైంది. ఫలానా ఇంటివాళ్లు అని చెప్పడానికి ఇది బాగానే పనికొస్తుంది. ఆ ఇంట్లో భర్తా, భార్యా అని తేల్చడం కష్టం. 2015లో వచ్చిన మరో అధ్యయనంలో పేగుల్లోని బ్యాక్టీరియాతో ఏడాది తర్వాత కూడా 80 శాతానికి పైగా మనుషులను గుర్తుపట్టగలిగారు. చర్మం దగ్గరికి వచ్చేసరికి అలా గుర్తుపట్టగలిగింది దాదాపు మూడో వంతు మందినే. నేరం జరిగిన చోట ఎక్కువగా దొరికేది చర్మం జాడే.

మనిషిని గుర్తించడం కంటే, మరణ సమయాన్ని అంచనా వేయడంలోనే ఈ విద్య మీద నాకు ఎక్కువ నమ్మకం ఉంది. శరీరం చల్లబడటం, బిగుసుకోవడం వంటివి మొదటి రెండు మూడు రోజులకే ఉపయోగపడతాయి. ఆ తర్వాత ఈగల లార్వాల వయసు చూస్తారు. కుళ్లే శరీరం మీద సూక్ష్మజీవులు మాత్రం ఒక వరుసలో వస్తూ పోతూ ఉంటాయి. శాస్త్రవేత్త జెస్సికా మెట్‌కాఫ్ బృందం దీన్ని మొదట ఎలుకల మీద, తర్వాత మానవ దేహాల మీద చూపించింది. 2024లో ప్రచురితమైన పరిశోధనలో టెన్నెసీ, టెక్సస్, కొలరాడోల్లోని మూడు కేంద్రాల్లో 36 దేహాలను మూడు వారాల పాటు రోజూ పరీక్షించారు. వాతావరణం, నేల వేరైనా, కుళ్లబెట్టే సుమారు 20 రకాల సూక్ష్మజీవులు అన్నిచోట్లా ఒకే తీరులో వచ్చాయి. వాటిని చేరవేసేది ఎక్కువగా కీటకాలేనని తేలింది. మరణ సమయాన్ని మూడు రోజులు అటూ ఇటూగా చెప్పగలిగారు. తప్పిపోయిన మనిషి కోసం వెతుకుతున్న కుటుంబానికి ఆ మూడు రోజుల హద్దు ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. చివరిసారి చూసిందెవరు, ఆ సమయంలో ఎవరెక్కడ ఉన్నారు అని అడగడానికి అప్పుడే ఒక తేదీ దొరుకుతుంది. తమ దేహాలను ఈ పనికి ఇచ్చి వెళ్లిన ఆ 36 మందికి నేను మనసులో ఎన్నోసార్లు నమస్కరించాను.

కోర్టు గురించి అడిగారు కదా. ఒక్క బ్యాక్టీరియా పోలికతో ఎవరినైనా దోషిగా తేల్చడాన్ని నేను ఒప్పుకోను. దర్యాప్తు ఎటు వెళ్లాలో సూచించడానికి, ఇతర ఆధారాలకు బలం చేకూర్చడానికి పనికొస్తుంది. అలాంటి నివేదిక ఎప్పుడైనా మీ కంటపడితే మూడు విషయాలు చూడండి: ఖాళీ నమూనా ఫలితం జతచేశారా, ఎంతమంది చేతులతో పోల్చారు, అనుమానితుడితో కలిసి ఉండేవాళ్ల నమూనాలు తీశారా.

మా ఆరో కీబోర్డును కొత్త కిట్టుతో మళ్లీ పరీక్షించాం. కిట్టు మారగానే అందులో నా పోలిక పోయింది. యజమాని పోలిక కూడా రాలేదు. నివేదికలో ఆ గడిలో నా పేరు కొట్టేసి, ‘నిర్ధారించలేము’ అని మా గైడు తన చేత్తో రాశారు.