మిల్లు కరెంటు బిల్లు లెక్క వస్తే దేశాల లెక్క వస్తుంది

ప్రశ్న: మా బిడ్డ హన్మకొండలో బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్. దేశం సంపన్నమయ్యేకొద్దీ కర్బన ఉద్గారాలు పెరుగుతాయా, తగ్గుతాయా అన్న దాని మీదే పనిచేస్తానంటోంది. ఇంజినీరింగ్ లేకుండా ఉద్యోగం దొరుకుతుందా? – ఒక తండ్రి, భూపాలపల్లి

జవాబు: దొరుకుతుంది. యూరప్‌కు వెళ్లే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల తయారీలో ఎంత కర్బనం వెలువడిందో 2023 అక్టోబరు నుంచి లెక్క చూపాల్సి వస్తోంది. 2026 నుంచి దిగుమతయ్యే సరుకు మీద అక్కడి దిగుమతిదారు ఆ కర్బనానికి సొమ్ము కూడా కట్టాలి. మన దగ్గర కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం (లక్ష్యం కన్నా తక్కువ కర్బనం వదిలిన పరిశ్రమలు ఆ మిగులును అమ్ముకునే ఏర్పాటు) 2023లోనే నోటిఫై అయింది. లెక్క కట్టేవాళ్లతో పాటు దాని వెనక ఆర్థికం చెప్పగలిగేవాళ్లూ కావాలి.

సంపద పెరిగితే పొగ పెరుగుతుందని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంటర్వ్యూలో నిలబడదు. జనాభా, తలసరి ఆదాయం, రూపాయి ఆదాయానికి ఖర్చయ్యే ఇంధనం, ఆ ఇంధనంలోని కర్బనం అని విడదీసి చూడాలి. దీన్నే కాయా సమీకరణం అంటారు. బ్రిటన్‌లో ఆదాయం పెరిగినా చివరి రెండూ పడిపోవడంతో ఉద్గారాలు 1990తో పోలిస్తే దాదాపు సగమయ్యాయి. 2024 సెప్టెంబరులో ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రమూ మూతపడింది. కానీ వాళ్లు వాడే సరుకులో చాలా భాగం బయట తయారవుతుంది, ఆ పొగ తయారుచేసిన దేశం ఖాతాలో పడుతుంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంకోటి, మొత్తం ఉద్గారాలనూ తలసరినీ కలిపేస్తారు. మనది ఏడాదికి తలసరి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాది దాదాపు 14 టన్నులు.

ఈ సెలవుల్లో తెలిసిన బాయిల్డ్ రైస్ మిల్లు ఒకటి చూసి లెక్క కట్టమనండి. నెలకు 20,000 యూనిట్ల కరెంటు అనుకుందాం. గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే 14 టన్నులు. (మీ చెల్పూరు లాంటి బొగ్గు కేంద్రం ఒక్కదాన్నే తీసుకుంటే కిలోకు దగ్గరగా ఉంటుంది.) జనరేటర్‌కు 500 లీటర్ల డీజిల్, లీటరుకు 2.7 కిలోల చొప్పున 1.35 టన్నులు. హెచ్‌టీ (హైటెన్షన్) బిల్లులో కేవీఏహెచ్, కేడబ్ల్యూహెచ్ రెండూ ఉంటాయి. నిజంగా వాడుకున్న కరెంటు యూనిట్లు కేడబ్ల్యూహెచ్. కేవీఏహెచ్ అంకె ఎత్తి రాస్తే లెక్క ఎక్కువొస్తుంది, కేడబ్ల్యూహెచ్‌నే తీసుకోవాలి. బాయిలర్‌లో మండే ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపరు, విడిగా చూపిస్తారు. వరి గాలిలోంచి తీసుకున్నదే తిరిగి వెళ్తుంది కాబట్టి. ఊక కాలినప్పుడు పుట్టే కొద్దిపాటి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం కలపాలి. ఈ తేడా చెప్పగలిగితే కేవలం పుస్తకం చదివి వచ్చిన మనిషి కాదని ఎవరికైనా తెలిసిపోతుంది.

డిగ్రీ తర్వాత ఎంఏ ఎకనామిక్స్ చేయించండి. కాకతీయ యూనివర్సిటీకి సీపీగెట్, హెచ్‌సీయూకు (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఎకనోమెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలను పరీక్షించే) పేపరును భయపడి వదిలేయొద్దు, ఈ ఉద్యోగాలకు అదే ఆధారం. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు బీఏతో అర్హత రాదు, దాని కోచింగ్‌కు ఫీజు కట్టకండి.