చిన్నూ పేరు రాయించొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) కుటుంబం. పెళ్లయిన నాలుగేళ్లకు నెల తప్పాను. పదకొండో వారంలో పోయింది. ఇది జరిగి ఎనిమిది నెలలు. మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ మా చర్చి వెనక పుట్టకముందే పోయిన పిల్లల కోసం చిన్న తోట ఉంది. పేరు చెక్కిన ఇటుక పెట్టించుకోవచ్చు. మావారు వద్దంటున్నారు, ‘చూసినవాళ్లు మనమే తీయించుకున్నామనుకుంటారు’ అని. అత్తగారు ‘పుట్టని బిడ్డకు సమాధేంటి, అపశకునం’ అంటారు. జ్ఞానస్నానం లేని బిడ్డ ఎక్కడికి వెళ్లిందో! ఊరినుంచి వస్తూ నేను సూట్‌కేసు ఎత్తడం వల్లే పోయిందా?

జవాబు: ముందు సూట్‌కేసు సంగతి తేల్చేద్దాం. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. ఆ లోపం బిడ్డ కడుపున పడ్డప్పుడే ఉంటుంది. సూట్‌కేసు ఎత్తినందుకు పోదు, బొప్పాయి ముక్క తిన్నందుకూ పోదు. ఈ మాట మీ డాక్టర్‌తో కూడా చెప్పించుకోండి, మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ.

మీ ఆయన భయాన్ని కొట్టిపారేయకండి. మనం ‘అబార్షన్ అయింది’ అని దానంతటది పోయినా అంటాం, తీయించుకున్నా అంటాం. అమెరికాలో మామూలు మాటల్లో ఆ మాటకు తీయించుకోవడమనే ఒక్క అర్థమే. పైగా అమెరికా చర్చిల్లో ఇలాంటి రాళ్లు చాలావాటిని నిలబెట్టింది నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కథోలిక పురుషుల సంఘం. అందులో అబార్షన్‌ను వ్యతిరేకించే ఉద్దేశమూ ఉంది. కాబట్టి ఆయన ఊరికే అనలేదు. కానీ ఇప్పుడు ఆ తోటకు వచ్చేవాళ్లలో మీలాంటి తల్లులూ ఉంటారు. ఇటుక మాట పక్కన పెట్టి, ఓ సాయంత్రం ఆయన్ని ఊరికే అక్కడికి తీసుకెళ్లండి. మగవాళ్లు ఈ దుఃఖాన్ని పని కింద దాచుకుంటారని నాకు అనుభవం మీద తెలిసింది. ఎనిమిది నెలల్లో ఆయన్ని ఎవరైనా ‘నీకెలా ఉంది’ అని అడిగారా? బహుశా మీరు కూడా అడిగి ఉండరు.

ఇక జ్ఞానస్నానం. జ్ఞానస్నానం లేని పసివాళ్లు స్వర్గానికి కాక వేరే చోటికి వెళ్తారని మన నాయనమ్మలు చెప్పిన ‘లింబో’ ఏనాడూ కథోలిక తిరుసభ విశ్వాస సత్యం కాదు. 2007లో వాటికన్‌లోని అంతర్జాతీయ వేదాంత సంఘం ఈ విషయమే పరిశీలించింది. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్లు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని చెప్పింది. నూటముప్పైతొమ్మిదో కీర్తన కూడా పిండంగా ఉన్నప్పుడే దేవుడు మనల్ని చూశాడంటుంది కదా. గర్భం పోయిన తల్లిదండ్రుల కోసం కథోలిక ఆశీర్వాదాల పుస్తకంలో విడిగా ఒక ప్రార్థన ఉంది. ఫాదర్ గారిని అడగండి, మీ ఇద్దరికీ కలిపి చెప్తారు.

పదకొండు వారాల బిడ్డకు జనన పత్రం లేదు, మరణ పత్రం లేదు, పూడ్చిన చోటు లేదు. ఊళ్లో ఉంటే నవంబరు రెండున సమాధుల పండుగకు వెళ్లి కొవ్వొత్తి పెట్టేవాళ్లు, కానీ ఈ బిడ్డకు ఎక్కడ పెడతారు? ఆ తోట మీకు కావాల్సింది అందుకే. అత్తగారికి ఫోన్లో సమాధి అని చెప్పకండి, అది సమాధి కాదు కూడా. ‘పూలమొక్కల దగ్గర పేరు రాయిస్తున్నాం’ అనండి చాలు. ఆవిడకీ ఇలాంటిదేదో జరిగి ఉండొచ్చు, ఆ తరంలో ఎవరూ చెప్పుకోలేదు.

ఆయన ఒప్పుకోకపోతే తొందరపడకండి. ఇంటి వెనక ఓ గులాబీ నాటండి. న్యూయార్క్ మన్‌హటన్‌లోని హోలీ ఇన్నోసెంట్స్ చర్చిలో ఇలాంటి పిల్లల పేర్లు రాసే పుస్తకం ఉంది, దానికైతే బయటివాళ్ల చూపుల గొడవ లేదు. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం ఇంకా ఉంటే మాత్రం డాక్టర్‌ను కలవడం వాయిదా వేయొద్దు.

ఉత్తరం చివర్లో ‘ఆడో మగో తెలియదు, మేం చిన్నూ అనుకునేవాళ్లం’ అని రాశారు. ‘మేం’ అన్నారు, అంటే ఆయన కూడా అలాగే పిలిచారన్నమాట. ఆ పేరే రాయించండి, ఇటుక ఆయన్నే ఎంచమనండి.