కొత్త ల్యాప్‌టాప్‌లో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవట్లేదు: సమాధానం

నమస్తే అండి. పాత సిస్టమ్‌లు రెండింటిలో బిల్లుల ఫోల్డర్, ప్రింటర్ బాగానే వస్తున్నాయి, కొత్త ల్యాప్‌టాప్ మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది, పిన్ కొడితే తీసుకోవట్లేదు అన్నారు. పిన్ ఆ ఒక్క మెషీన్‌లోకి వెళ్లడానికే. నెట్‌వర్క్ మీద అది చెల్లదు, ఎన్నిసార్లు కొట్టినా అంతే.

పాతవి ఇన్నాళ్లూ గెస్ట్‌గా, పాస్‌వర్డ్ లేకుండా వెళ్తున్నట్టున్నాయి. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి దాన్ని ఒప్పుకోదు. గెస్ట్‌ని మళ్లీ ఆన్ చేసుకోమని చాలామంది సలహా ఇస్తారు. బిల్లులున్న చోట ఆ పని వద్దు.

ఫోల్డర్, ప్రింటర్ ఉన్న సిస్టమ్‌లో ‘ఆఫీస్’ లాంటి పేరుతో ఒక లోకల్ అకౌంట్ (ఆ సిస్టమ్ వరకే పనిచేసే అకౌంట్) చేసి పాస్‌వర్డ్ పెట్టండి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఆ పేరును షేరింగ్‌లోనూ, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ చేర్చండి. రెండోది మర్చిపోతే ఫోల్డర్ కనిపిస్తుంది కానీ ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. తర్వాత ల్యాప్‌టాప్‌లో కంట్రోల్ ప్యానెల్, క్రెడెన్షియల్ మేనేజర్‌కి (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) వెళ్లి, ఆ సిస్టమ్ పేరుతో పాత ఎంట్రీ ఉంటే తీసేయండి. కొత్త ఎంట్రీలో యూజర్ పేరును సిస్టమ్ పేరు, బ్యాక్‌స్లాష్ (\), ఆఫీస్ అనే వరసలో రాయండి. బ్యాక్‌స్లాష్ ముఖ్యం, లేకపోతే ల్యాప్‌టాప్ దాన్ని తన సొంత అకౌంట్ అనుకోవచ్చు.

ఫోల్డర్ తెరుచుకుంటే ప్రింటర్ కూడా అదే విండోలో ఉంటుంది, డబుల్ క్లిక్ చేస్తే చాలు. అసలు సిస్టమే కనిపించకపోతే రెండు వైపులా నెట్‌వర్క్ ‘ప్రైవేట్’లో ఉందో లేదో చూడండి. ప్రింటర్ ఉన్న సిస్టమ్‌కి స్లీప్ కూడా ఆపేయండి, లేకపోతే భోజనాల తర్వాత మళ్లీ ఇదే టెన్షన్.