టైటానిక్‌కు ముందు నడిచిన ఓడల్లో నా ఓటు ‘గ్రేట్ బ్రిటన్’కే

టైటానిక్‌కు ముందు అట్లాంటిక్ దాటిన ప్రయాణికుల ఓడల్లో గొప్పది ఏదని మీరు అడిగారు. నా సమాధానం ‘గ్రేట్ బ్రిటన్’. మునిగిపోయిన ఓడ పేరు చిన్నపిల్లలకు కూడా తెలిసి, ఇన్ని దెబ్బలు తిని నేటికీ నిలిచి ఉన్న ఓడ పేరు పెద్దవాళ్లకు కూడా తెలియకపోవడం నాకు ఎప్పటినుంచో బాధగా ఉంది.

నేను ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో అమ్మానాన్నలు నెల రోజులుండడానికి వచ్చారు. నాన్నగారు విశాఖపట్నంలో ఓడలు కట్టే యార్డులో ముప్పై ఏళ్లు ప్లేట్ల (ఓడకు బిగించే లోహపు పలకల) పని చేసి రిటైరైన మనిషి. 1843 నాటి ఈ ఓడను ఏ డ్రై డాక్‌లో (నీళ్లు తోడేసి ఓడలు కట్టే గుంటలో) కట్టారో ఇప్పుడూ అదే డ్రై డాక్‌లో ఉంచారని చెప్పగానే, చలిని కూడా లెక్కచేయకుండా బయలుదేరారు. పైన అలంకరించిన భోజనశాలను, ప్రయాణికుల ఇరుకు పడకలను అమ్మ శ్రద్ధగా చూస్తుంటే, ఆయన మాత్రం కిందికి దారి ఎటని అడిగారు. ఓడ చుట్టూ నీటి మట్టం ఉండవలసిన చోట గాజు పలకలు పరిచి, వాటి మీద పలుచగా నీళ్లు నిలిపారు. ఆ గాజు కిందికి దిగితే, తుప్పు ఇంకా తినకుండా ఎడారి గాలి అంత పొడిగా ఆరబెట్టిన గాలిలో ఓడ అడుగుభాగం మొత్తం కనిపిస్తుంది. నాన్నగారు మోకాళ్ల మీద వంగి, ఒక ప్లేటు అంచు మీద మరో ప్లేటు ఎక్కించి బిగించిన రివెట్ల (ఇనుప మేకుల) వరుసను చాలాసేపు చూశారు. “ఇది వెల్డింగు కాదురా. ఒక్కొక్క రివెట్టునూ ఎర్రగా కాల్చి, లోపల ఒకడు పట్టుకుంటే బయట ఒకడు కొట్టాలి. ఇంత ఓడకు ఎన్ని చేతులు పడ్డాయో!” అన్నారు.

ఆ చేతుల పనిని నమ్మి బ్రూనెల్ అనే ఇంజినీరు 322 అడుగుల ఇనుప ఓడను కట్టించాడు. మొదట పక్కన తిరిగే చక్రాలతో నడపాలనుకుని, 1840లో ‘ఆర్కిమిడీస్’ అనే చిన్న ఓడ ప్రొపెల్లర్‌తో (వెనక నీటిలో తిరిగే రెక్కలతో) నడవడం చూశాక నమూనానే మార్చేశాడు. ఓడ తయారైనా రేవు తలుపులకు మించిన వెడల్పు కావడంతో బయటికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఎట్టకేలకు 1845 జులై 26న లివర్‌పూల్‌లో బయలుదేరి, 14 రోజుల 21 గంటల్లో న్యూయార్క్ చేరి, అట్లాంటిక్ దాటిన మొదటి ఇనుప ప్రొపెల్లర్ ఓడగా నిలిచింది. ఆ ఏడాదే ప్రొపెల్లర్ రెక్కలు విరిగి, తెరచాపల సాయంతో ఇంటికి రావలసి వచ్చింది.

మరుసటి ఏడాది సెప్టెంబరులో ఒక దీపస్తంభాన్ని మరొకటిగా పొరబడి, ఐర్లండులోని డండ్రమ్ తీరంలో ఇసుకా రాళ్లూ ఉన్న చోట ఓడను ఎక్కించేశారు. దాదాపు ఏడాది పాటు అలల తాకిడికి అది అక్కడే పడి ఉంది. బ్రూనెల్ కట్టెల మోపులు కట్టించి దాని చుట్టూ అడ్డుపెట్టించాడు. చెక్క ఓడ అయితే ఆ చలికాలం దాటేది కాదని నా దృఢమైన అభిప్రాయం. ఇనుముతో పెద్ద ఓడను కట్టవచ్చని లోకానికి నమ్మకం కలిగించింది న్యూయార్క్ ప్రయాణం కంటే ఈ ప్రమాదమే అంటాను. అయితే కట్టిన కంపెనీ దివాలా తీసింది. లక్షా పదిహేడు వేల పౌండ్ల ఓడ ఇరవై అయిదు వేలకు చేతులు మారింది.

కాబట్టి అట్లాంటిక్ మీద దాని వైభవం ఏడాది ముచ్చటే. 1852 నుంచి ఆస్ట్రేలియాకు వలస వెళ్లే వేలాదిమందిని మోసిన కాలమే దాని అసలు జీవితం. 1857లో మన సిపాయిల తిరుగుబాటును అణచడానికి సైనికులను బొంబాయికి తెచ్చినదీ ఇదే. ఓడ మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ సంగతి నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. తరవాత ఇంజన్లు తీసేసి, దానిని బొగ్గు మోసే తెరచాప ఓడగా మార్చారు. 1886లో తుఫానుకు దెబ్బతిని దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవులకు చేరి, అక్కడే ఉన్నికీ బొగ్గుకూ గోదాముగా మిగిలి, చివరికి 1937లో ఒక చిన్న సముద్రపు పాయలో ముంచివేయబడింది. 1970లో బ్రిస్టల్‌కు తేవడానికి దానిని పైకి తీసేటప్పుడు, పక్కన పగిలిన బీటలో ద్వీపవాసుల పరుపులు కుక్కి నీళ్లు ఆపారట. అంత ఎత్తున నిలువునా దిగిన ఆ బీట ముందు నాన్నగారు ఆగిపోయారు.

“ముప్పై మూడేళ్లు నీళ్లలో ఉన్న దాన్ని తెచ్చుకున్నారు వీళ్లు. మన విక్రాంత్‌ను ముక్కలు చేసి అమ్ముకున్నాం” అన్నారు. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో నిలిచిన ఆ విమాన వాహక నౌకను 2014లో తుక్కు కింద కోసేసినప్పుడు ఆయన రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని అమ్మ అప్పట్లో ఫోనులో చెప్పిన సంగతి నాకు గుర్తొచ్చింది.

అప్పట్లో అక్కడి టికెట్టు ఏడాది పొడుగునా చెల్లేది. మర్నాడు ఉదయం అమ్మ లేచేసరికే నాన్నగారు బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.