కంపెనీ సాయం కోసం సర్కారు తలుపు తట్టినప్పుడు యూనియన్ ఏం చేయాలి

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రధాన కార్యదర్శిగా నువ్వు గెలిచి మూడు నెలలైనా కాకముందే యాజమాన్యం "ప్రభుత్వం ఆదుకుంటే తప్ప ప్లాంటు నిలబడదు, మీరూ కొంత వదులుకోవాలి" అందని రాశావు. తొందరపడి సంతకం పెట్టకు, తొందరపడి గేటు ముందు టెంటూ వేయకు. 2008-09లో డెట్రాయిట్ కార్ల కంపెనీలకు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన సాయాన్ని దగ్గర పెట్టుకుని చదువు. అక్కడి ఆటో కార్మికుల సంఘం యూఏడబ్ల్యూ ఎక్కడ నిలదొక్కుకుందో, ఎక్కడ దెబ్బతిందో అందులో వరసగా కనిపిస్తుంది.

ముందు లెక్క తేల్చు. జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్, ఫోర్డ్ అధినేతలు 2008 నవంబరులో వాషింగ్టన్ వెళ్లి చేయి చాచినప్పుడు ఎక్కడ విన్నా ఒకటే మాట: యూనియన్ కార్మికుడి మీద గంటకు 73 డాలర్ల ఖర్చు. పాత కార్మికుడి మూల వేతనం మాత్రం గంటకు 28 డాలర్ల దగ్గరే ఉంది. మిగతాదంతా బీమా, సెలవు జీతం, ఓవర్‌టైము, వాటి మీద ఎప్పుడో రిటైరైనవాళ్ల పింఛను, వైద్య ఖర్చు. ఆ పాత బాకీలన్నిటినీ ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ల గంటలతో భాగించి వాళ్ల నెత్తిన వేశారు. సంఘం ఆ అంకెను విడదీసి చెప్పేలోపే అది జనం మనసులో నాటుకుపోయింది. నీ ప్లాంటు గురించి కూడా అలాంటి అంకె ఒకటి పత్రికలకు అందుతుంది. మూల వేతనం, డీఏ ఒక వరసలో. పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ మరో వరసలో. కాంట్రాక్టు కార్మికుల బిల్లు వేరుగా. పాత బకాయిలు ఇంకా వేరుగా రాసిన ఒక పేజీ ఈ వారమే తయారుచేయించు. విలేఖరి అడిగినరోజు మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

తర్వాత యాజమాన్యాన్ని 13 వారాల నగదు లెక్క అడుగు. లాభనష్టాల పట్టిక చాలదు, అది గడిచిన కాలం సంగతి చెబుతుంది. ఏ వారం ఎంత డబ్బు వస్తుంది, ఏ వారం ఉక్కుకూ కరెంటుకూ జీతాలకూ ఎంత పోతుంది, ఏ వారంలో సొమ్ము అడుగంటుతుంది అన్నది నీకు తెలియాలి. నష్టంలో ఉన్న కంపెనీ కూడా ఏళ్ల తరబడి నడుస్తుంది. జీతాల రోజున ఖాతాలో డబ్బు లేని కంపెనీ ఆరోజే ఆగిపోతుంది. ఫోర్డ్‌ను చూడు. 2006 చివర్లో ఫ్యాక్టరీలతో పాటు తన నీలం గుర్తును కూడా తాకట్టు పెట్టి 23.6 బిలియన్ డాలర్ల అప్పు సమకూర్చుకుంది. 2008లో అప్పు పుట్టని పరిస్థితి వచ్చినప్పుడు మిగతా ఇద్దరిలా అత్యవసర సాయం తీసుకోకుండానే గట్టెక్కింది. ఫోర్డ్‌లోనూ అదే యూనియన్, వేతనాలు కూడా ఇంచుమించు అవే. "మీ జీతాల వల్లే మునిగాం" అని ఎవరైనా అంటే ఈ ఒక్క ఉదాహరణ ముందు పెట్టు.

ఇక అసలు సంగతి, గడువు. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

2008 డిసెంబరు 11న సెనేట్‌లో సాయం బిల్లు ఆగిపోయింది. రాజీ ఎక్కడ తెగిందంటే తేదీ దగ్గరే. అమెరికాలోనే ఉన్న విదేశీ కంపెనీల ప్లాంట్లలో ఇచ్చే స్థాయికి 2009లోనే వేతనాలు దించాలని రిపబ్లికన్ సెనేటర్లు పట్టుబట్టారు. కాంట్రాక్టు ముగిసే 2011 దాకా ఆగాలంది సంఘం. ఎనిమిది రోజులకే, డిసెంబరు 19న, అధ్యక్షుడు బుష్ బ్యాంకుల కోసం పెట్టిన నిధి నుంచి 17.4 బిలియన్ డాలర్ల అప్పు ప్రకటించాడు, షరతుల్లో మళ్లీ ఆ కోతలే వచ్చాయి. 2009లో యూఏడబ్ల్యూ మన డీఏ లాంటి ధరల భత్యాన్ని వదులుకుంది. పని లేని రోజుల్లోనూ జీతంలో ఎక్కువ భాగం ఇచ్చే జాబ్స్ బ్యాంకును వదులుకుంది. జీఎం, క్రైస్లర్‌లలో 2015 దాకా సమ్మె చేయబోమని ఒప్పుకుంది. 2007లోనే రాసుకున్న రెండు రకాల వేతనాలు అలాగే ఉండిపోయాయి. అంటే ఒకే లైన్లో ఒకే కారుకు ఎడమ చక్రం బోల్టు బిగించేవాడికి 28 డాలర్లు, కుడి చక్రం బిగించే కొత్త కుర్రాడికి దాదాపు సగం.

ఇదంతా తిరిగి ఎప్పుడు ఇస్తారో గట్టిగా రాయించుకోలేదు. ధరల భత్యం తిరిగి వచ్చింది 2023లో, అదీ మూడు కంపెనీల్లోనూ ఒకేసారి దాదాపు ఆరు వారాల సమ్మె చేస్తేనే. కంపెనీలు లాభాల్లో పడి ఎన్నో ఏళ్లయినా సరే. అందుకే నువ్వు వదిలే ప్రతి రూపాయి పక్కన తిరిగొచ్చే తేదీ గానీ, "వరుసగా రెండు త్రైమాసికాలు లాభం వస్తే దానంతటదే పునరుద్ధరణ" అన్న వాక్యం గానీ ఉండాలి. "పరిస్థితులు మెరుగుపడ్డాక చర్చిస్తాం" అన్న మాటకు ఒప్పుకోవద్దు. తప్పక ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తే డబ్బు కొన్నాళ్లు వాయిదా వెయ్యి గానీ కొత్తవాళ్లకు తక్కువ జీతమన్న షరతు మాత్రం రానివ్వకు. అది యూనియన్‌ను లోపలినుంచే చీలుస్తుంది.

మిగతావాళ్లు ఏం వదులుకుంటున్నారో కూడా కాగితం మీద చూపించమను. అక్కడ జీఎం అధినేత రిక్ వాగనర్ పదవి వదలాల్సి వచ్చింది. క్రైస్లర్‌కు తనఖా మీద 6.9 బిలియన్లు ఇచ్చినవాళ్లకు చేతికందింది 2 బిలియన్లు. ఒక్క క్రైస్లరే 789 మంది డీలర్లను తీసేసింది. అయినా "యూనియన్‌కే దోచిపెట్టారు" అనే ఆరోపణ తప్పలేదు. నీకూ తప్పదు, ముందే సిద్ధంగా ఉండు.

బకాయిలకు బదులు షేర్లు ఇస్తామంటే జాగ్రత్త. రిటైరైనవాళ్ల వైద్య నిధికి రావలసిన డబ్బులో పెద్ద భాగం అక్కడ వాటాలుగా మారింది: కొత్త జీఎంలో 17.5 శాతం, క్రైస్లర్‌లో 55 శాతం. కాగితం మీద సగానికి పైగా సొంతం. అయినా పెత్తనం నడిపింది ఇటలీ కార్ల కంపెనీ ఫియట్. నిధి మొత్తం ఒకే కంపెనీ షేరు మీద ఆధారపడితే ఆ షేరు పడ్డరోజు ముసలివాళ్ల మందులు ఆగిపోతాయి. సగమైనా వడ్డీతో కూడిన అప్పు పత్రంగా అడుగు, షేర్లు అమ్ముకునే హక్కు కూడా రాయించు.

యూనియన్‌లో లేనివాళ్లను మరవకు. జీఎం నుంచి విడిపోయిన విడిభాగాల కంపెనీ డెల్ఫీలో యూఏడబ్ల్యూ సభ్యుల పింఛనుకు జీఎం అదనంగా కలిపి ఇచ్చింది. అదే కంపెనీలో జీతగాళ్లుగా రిటైరైన ఆఫీసు ఉద్యోగుల పింఛనుకు మాత్రం కోత పడింది. మీ దగ్గర కాంట్రాక్టువాళ్ల పరిస్థితీ అంతే.

సాయం అందక మన దివాలా చట్టం దాకా వెళితే ఇంకో తొందర ఉంది. తాత్కాలిక పరిష్కార నిపుణుడు (దివాలా కేసులో కంపెనీ బాధ్యతలు చేపట్టేవాడు) నియమితుడైన 14 రోజుల్లో క్లెయిములు పెట్టాలి: విడివిడిగా అయితే ఫారం డి, అందరి తరఫున ఒక ప్రతినిధి పెడితే ఫారం ఇ. కంపెనీ అమ్మకానికే వెళితే కార్మికుల 24 నెలల బకాయి తనఖా అప్పులవాళ్లతో సమాన వరసలో వస్తుంది, ఆఫీసు ఉద్యోగులది 12 నెలలది ఆ తర్వాతి వరసలో. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు ఆ లెక్కలోకి రావు, వాటిని విడిగా అడగాలి. జీతం చీటీలు, హాజరు పట్టీలు, పాత ఒప్పందాల నకళ్లు ఇప్పుడే తీయించి ప్లాంటు బయట ఒక చోట పెట్టించు. గేటుకు తాళం పడ్డాక అవి చేతికి రావు.