శాలరీ స్లిప్పులు ఉండగానే లోన్ తీసేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను, చేరి నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది. చేతికి 68 వేలు వస్తుంది. బాబుకు నాలుగేళ్లు, పాపకు పది నెలలు. పాపను చూసుకుంటున్న అత్తయ్యగారికి షుగర్, మోకాళ్ల నొప్పులు, ఇక ఆవిడ వల్ల కావట్లేదు. ఉద్యోగం మానేసి, ఎనిమిది నెలల డేటా అనలిటిక్స్ కోర్సు చేసి, ఇంటి నుంచి చేసుకునే పనిలోకి మారాలని ఉంది. మావారు ఇంటీరియర్ పనులు కాంట్రాక్టుకు చేస్తారు, సగటున నెలకు 45 వేలు. హోమ్ లోన్ ఈఎంఐ 31 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు. ఎఫ్‌డీ లక్షన్నర ఉంది. రిజైన్ చేశాక లోన్ రాదు కాబట్టి ఇప్పుడే 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, కోర్సుకు 2.2 లక్షలు కట్టి, మిగతాది ఇంటికి వాడదామనుకుంటున్నాం. ఇన్సూరెన్స్ సమస్య లేదు, అత్తయ్యగారితో సహా అందరం ఆఫీసు కార్డులోనే ఉన్నాం.

జవాబు: మీ చివరి వాక్యం కోసమే ఈ ఉత్తరం ఎంచుకున్నాను. ఆఫీసు కార్డు మీది కాదమ్మా, ఆఫీసుది. మీ ఆఖరి పనిదినంతో అది కూడా ఆఖరు. భర్తకు నెల జీతం లేదు, ఆయనకంటూ కార్డు లేదు. మీ ఒక్కరి రాజీనామాతో ఐదుగురు ఒకేసారి ఇన్సూరెన్స్ లేకుండా మిగులుతారు, అందులో ఒకరికి షుగర్, ఒకరు పసిబిడ్డ.

కిందటేడు ఓ జంట ఇలాగే మారారు. మానేసిన పన్నెండో రోజు మూడేళ్ల పిల్లకి డెంగీ. అర్ధరాత్రి ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్‌లో కార్డు ఇస్తే, అక్కడి అమ్మాయి మానిటర్ ఇటు తిప్పి 'పాలసీ యాక్టివ్‌గా లేదు మేడమ్' అంది. అడ్వాన్సు కట్టడానికి తెల్లారేసరికి గాజులు గోల్డ్ లోన్‌కి వెళ్లాయి. పిల్ల కోలుకుంది. గాజులు ఇంకా అక్కడే ఉన్నాయి.

కాబట్టి మొదటి పని రాజీనామా కాదు, సొంత ఫ్యామిలీ పాలసీ. మీరిద్దరూ, పిల్లలూ కలిపి 10 లక్షలకు తీసుకోండి. అత్తగారిని అందులో కలపొద్దు. ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) ప్రీమియం ఇంట్లో పెద్ద వయసును బట్టి లెక్కేస్తారు, ఆవిడకు విడిగా తీసుకోండి. షుగర్ సంగతి దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ రోజున బయటపడుతుంది. ఉద్యోగంలో ఉండగానే ఎందుకంటే, ఏ కొత్త పాలసీకైనా యాక్సిడెంట్లు తప్ప మొదటి 30 రోజులు కవర్ ఉండదు, ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆ గడియారం ఆఫీసు కార్డు పనిచేస్తుండగానే తిరగడం మొదలవ్వాలి. ఆఫీసు పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా అని హెచ్‌ఆర్‌ని ఇప్పుడే అడగండి, కుదిరితే ఇన్నాళ్ల వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. ప్రీమియం ఎక్కువంటారేమో. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

ఇక ఆ లోన్. 14 శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకు 18,600 కట్టాలి. కాగితం మీద మీ లెక్క సరిపోతుంది, కోర్సు ఫీజు పోగా మిగిలిన 5.8 లక్షలతో 13 నెలలు నెట్టుకురావచ్చు. కానీ ఆ 13 నెలల్లో దాదాపు 2.4 లక్షలు ఆ లోన్ వాయిదాలకే పోతాయి. అప్పు తెచ్చి అదే అప్పుకు వాయిదా కట్టడాన్ని ప్లాన్ అనరు. పైగా మీవారి 45 వేలు సగటు. ఆషాఢంలో, మూఢంలో గృహప్రవేశాలుండవు, బిల్లులూ రావు. బ్యాంకు మాత్రం ప్రతి నెలా ఐదో తారీకున వస్తుంది. స్లిప్పులు ఉన్నాయి కదా అని లోన్ తీసుకోవడం, మానేశాక తీర్చేదెలాగో తెలియకుండా చేసే పని కాదు.

మరో మాట. మీ ఇద్దరిదీ కలిపి 1.13 లక్షలు వస్తుంటే, మీరు చెప్పిన ఖర్చు 71 వేలు. నెలకు 42 వేలు మిగలాలి, ఎఫ్‌డీలో మాత్రం లక్షన్నరే. మీరు రాయని ఖర్చేదో ఉంది. చిట్టీయా, పిల్లల పేరున పాలసీయా, క్రెడిట్ కార్డా? అది పట్టుకోండి. ఆ 42 వేలు నిజంగా పక్కన పెడితే ఏడు నెలల్లో ఎఫ్‌డీతో కలిపి 4.4 లక్షలవుతుంది, మీ ఆరు నెలల ఖర్చు 4.26 లక్షలు. మానేసేది అప్పుడు. ఆ డబ్బు కోర్సు ఫీజుకు తీయకూడదు, అది ఉందన్న సంగతే మర్చిపోవాలి.

ఆగడం వల్ల ఇంకోటి. ఈరోజు రాజీనామా ఇచ్చి, చాలా ఐటీ కంపెనీల్లోలా 90 రోజుల నోటీసు చేస్తే, బయటికొచ్చేసరికి మీకు నాలుగేళ్ల పదకొండు నెలలు. ఐదేళ్లు నిండితే కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి నెల తక్కువ! బేసిక్ 36 వేలనుకుంటే, నెలకు 26 పనిదినాలుగా లెక్కేసి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఐదేళ్లకు లక్షా మూడు వేల పైచిలుకు. 240 రోజులు దాటితే ఐదో ఏడు నిండినట్టేనన్న తీర్పులున్నాయి గానీ, చంటిపిల్లతో కోర్టు వాదనలెందుకు? ప్రసూతి సెలవు 26 వారాలూ సర్వీసులోకే వస్తాయి, దాని గురించి కంగారు వద్దు.

ఈలోగా పాప సంగతి: 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థ క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలన్నది చట్టం, హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. లేదంటే పగటిపూట ఆయాను పెట్టుకోండి, ఆ 18,600 వాయిదా కన్నా తక్కువలోనే కుదరొచ్చు. కోర్సు వారాంతపు బ్యాచ్‌లో మొదలుపెట్టొచ్చు.

అత్తగారి షుగర్ రిపోర్టులు, మందుల చీటీలు ఈ ఆదివారమే ఓ ఫైల్లో పెట్టుకోండి. ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు అడుగుతారు.