‘నీరుగార్చేశారు’ అని రాసే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ఎల్డర్ స్క్రోల్స్ వరసలోని స్కైరిమ్ అనే వీడియో గేమ్ మీద నీకు కోపముందని తెలిసింది. ఎందుకు కోపమో మాత్రం తెలియలేదు. ‘మామూలు జనం కోసం ఆర్పీజీని (పాత్రని మలుచుకుంటూ ఆడే ఆటని) నీరుగార్చేశారు’ అన్న మాట పేజీకోసారి వస్తోంది. ఏం తీసేశారు, తీసేశాక ఆడేవాడికి ఏ ఆలోచన లేకుండా పోయింది అన్నది ఎక్కడా రాలేదు.

నువ్విచ్చిన ఒకే ఒక్క ఆధారం స్కిల్స్ లెక్క, అంటే పాత్ర నేర్చుకునే విద్యల లెక్క. అదే వరస ఆటల్లో మారోవిండ్ (2002)లో 27, ఆబ్లివియన్ (2006)లో 21, స్కైరిమ్ (2011)లో 18. అంకెలు సరైనవే. కానీ అక్కడి నుంచే ఎందుకు మొదలుపెట్టావు? ఇంకో మెట్టు కిందకి దిగితే 1996 నాటి డాగర్‌ఫాల్‌లో 35 ఉన్నాయి. అందులో తొమ్మిది ఉత్త భాషలు. హార్పీల భాష, రాక్షసుల భాష, నింఫ్‌ల భాష అంటూ ఉంటాయి. కష్టపడి పెంచుకుంటే ఆ జాతి జీవి మీద పడకుండా ఊరుకోవచ్చు, అంతే. దానితో నువ్వు మాట్లాడేదేమీ ఉండదు. అవి పోయినందుకు ఎవరూ ఏడవక్కర్లేదు. గోడలెక్కే స్కిల్ సంగతి వేరు. రాత్రి ఊరి ద్వారాలు మూసేస్తే గోడ ఎక్కి లోపలికి దూకే దారి దానితో ఉండేది. మారోవిండ్‌కి వచ్చేసరికి అదీ పోయింది. నువ్వు నెత్తిన పెట్టుకున్న మారోవిండ్‌నే డాగర్‌ఫాల్ అభిమాని ‘పలచన చేసిన ఆట’ అనగలడు. 35 నుంచి 27కి తగ్గిన లెక్కలో భాషలూ గోడ ఎక్కడమూ ఒకే గాటన కట్టినట్టుంటాయి. అందుకే అంకె చెప్పి వదిలెయ్యకు, ఏది పోయిందో పేరు పెట్టి చెప్పు.

కొన్ని మార్పుల్లో పోయేది ఏమీ ఉండదు. 1998 బాల్డర్స్ గేట్ ఆటలో థాకో లెక్క, అంటే దెబ్బ తగలాలంటే పాచిక మీద ఎంత పడాలో చెప్పే లెక్క, ఉంది కదా. థాకో 17 ఉన్నవాడు ఆర్మర్ క్లాస్ (కవచం అంకె) 4 ఉన్న శత్రువుని కొట్టాలంటే 17లోంచి 4 తీసేసి, ఇరవై ముఖాల పాచిక మీద 13 గానీ ఆ పైన గానీ వెయ్యాలి. కవచం మెరుగయ్యే కొద్దీ అంకె తగ్గుతుంది, సున్నా దాటి మైనస్‌లోకి కూడా పోతుంది. ఆ ఆట నియమాలకి మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్, 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో దీన్ని తిరగేసింది. ఇప్పుడు అదే యోధుడు పాచికకి 3 కలుపుకుంటాడు, అదే శత్రువు కవచం అంకె 16. కావలసింది మళ్ళీ 13. సంభావ్యతలో వెంట్రుకవాసి తేడా లేదు, తలనొప్పి మాత్రం తగ్గింది. ఇలాంటిదాన్ని కూడా ‘నీరుగార్చడం’ ఖాతాలో వేస్తే తర్వాత నువ్వు చెప్పే న్యాయమైన మాట కూడా ఎవరూ నమ్మరు.

ఇక మారోవిండ్ పోరాటం. ‘కత్తి తగిలినా తగలలేదంటుంది, కొత్తవాళ్ళకి అర్థం కాలేదు, అందుకే తీసేశారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. దీన్ని విప్పి చూపించాలి. ఆయుధం స్కిల్‌కి అజిలిటీలో (చురుకుదనంలో) ఐదో వంతు, లక్‌లో (అదృష్టంలో) పదో వంతు కలిపి, వచ్చినదాన్ని అలసటని బట్టి వచ్చే అంకెతో హెచ్చిస్తారు. ఫటీగ్ (మిగిలిన ఓపిక) నిండుగా ఉంటే 1.25, ఖాళీ అయితే 0.75. ఆట మొదలయ్యే ఊరు సేడా నీన్‌లో దిగినవాడు లాంగ్ బ్లేడ్‌ని (పొడవు కత్తిని) మేజర్ స్కిల్‌గా, అంటే ముఖ్య విద్యగా ఎంచుకుని, దాన్ని పట్టించుకోకుండా ఆఫీసు బల్ల మీద దొరికిన డాగర్ పట్టుకుని బయటికి పరిగెత్తాడనుకో. డాగర్‌కి లెక్కయ్యే షార్ట్ బ్లేడ్ స్కిల్ అతనికి 5. అజిలిటీ, లక్ చెరి 40 అయితే మొత్తం 17. పరుగుతో ఫటీగ్ అయిపోయింది కాబట్టి తగిలే అవకాశం 13 శాతం లోపే. అందులోంచి ఎదురొచ్చే మడ్‌క్రాబ్ (పీత) తప్పించుకునే పాలు ఇంకా తీసెయ్యాలి. అదే మనిషి కాసేపు నిలబడి అలసట తీర్చుకుని, 30 ఉన్న లాంగ్ బ్లేడ్‌తో కొడితే 52 శాతం. అంటే ఆయుధం ఎంచుకోవడం, పరిగెత్తాలా నడవాలా అన్నది, రెండూ నిర్ణయాలే. ఆబ్లివియన్‌లో కత్తి తగిలితే తగిలినట్టే. స్కిల్ వల్ల దెబ్బ పెద్దదవుతుంది, అంతే. పోయిందేమిటో ఇప్పుడు పాఠకుడి కళ్ళకి కడుతుంది.

నా మటుకు నాకు మారోవిండ్ లెక్కలో తప్పు లేదు, దాన్ని దాచిపెట్టడంలోనే ఉంది. కత్తి పీత ఒంట్లోంచి దూసుకుపోవడం కళ్ళారా చూస్తుంటే ‘తగల్లేదు’ అంటుంది, ఎందుకో చెప్పదు. 2023లో బాల్డర్స్ గేట్ 3 కూడా పాచికల ఆటే. కొట్టే ముందే శాతం చూపిస్తుంది, సంభాషణల్లో పాచికని తెర మధ్యలో దొర్లిస్తుంది. అది ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ అయింది. జనానికి పాచికలు పడవన్న వాదన అక్కడితో చెల్లింది. నీ వ్యాసానికి ఇంతకన్నా పెద్ద ఆయుధం లేదు, దాన్నేమో వాడుకోలేదు.

అలాగని పాతదంతా బంగారమని రాయకు. ఆబ్లివియన్ లెవెల్ పద్ధతి చూడు. ఏడు మేజర్ స్కిల్స్‌లో అన్నీ కలిపి పదిసార్లు పెరిగితే, నిద్రపోయాక లెవెల్ పెరుగుతుంది. ఆ లోపు ఒక అట్రిబ్యూట్ (బలం, చురుకుదనం లాంటి మూలగుణం) కింద ఉన్న స్కిల్స్ పదిసార్లు పెరిగితేనే దానికి +5 వస్తుంది, లేకపోతే అంతకు తక్కువ. మరోపక్క నీ లెవెల్‌తోపాటు శత్రువులూ పెరుగుతారు. దారిదోపిడీగాళ్ళు ఖరీదైన గ్లాస్ కవచాలేసుకుని వచ్చి వంద నాణేలడగడం అందుకే. ఫలితంగా, నిజంగా వాడే స్కిల్స్‌నే మేజర్‌గా పెట్టుకున్నవాడు త్వరగా లెవెల్ పెరిగి, బోనస్‌లు అందక, ఉన్నకొద్దీ బలహీనుడవుతాడు. తెలిసినవాళ్ళు వాడని స్కిల్స్‌ని మేజర్‌గా పెట్టుకునేవాళ్ళు. ఇది లోతు కాదు, చిట్టాపద్దుల పని. స్కైరిమ్ దీన్ని ఎత్తేసి, లెవెల్‌కి ఒక పెర్క్ (ప్రత్యేక సామర్థ్యం), హెల్త్‌కో మ్యాజికాకో (మంత్రశక్తికో) స్టామినాకో +10 ఇచ్చింది. ఇది మంచికే జరిగిందని నువ్వే ఒప్పుకో, నీ ఫిర్యాదులకి బలం వస్తుంది.

గమ్యం ఎటుందో చూపించే మార్కర్ బాణాల మీద నీ పేరా బాగుంది, కానీ సగంలో ఆగింది. ‘ఇష్టం లేకపోతే ఆపేసుకోవచ్చు కదా’ అని వెంటనే అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకో. మారోవిండ్‌లో ఆర్క్‌న్‌గ్థాండ్ అనే శిథిలానికి వెళ్ళాలంటే దారి మాటల్లో చెబుతారు. బాల్మోరా ఊరికి తూర్పున, ఏరు దాటి, ఫొయాడా మమాయా లోయ మీద పాత డ్వెమర్ (అంతరించిన జాతి) వంతెన దాటితే తలుపు వస్తుంది. దగ్గర్లో గొట్టానికున్న మర తిప్పితే అది తెరుచుకుంటుంది. స్కైరిమ్‌లో బాణం ఆపేసి జర్నల్ తెరువు. చాలా క్వెస్టుల్లో (అప్పగించే పనుల్లో) ఫలానా గుహలో ఫలానా వస్తువు తెమ్మని ఉంటుంది, గుహ ఎటుందో ఉండదు. కొన్ని పనుల్లో ఆ గుహని అప్పటికప్పుడు ఆటే ఎంచుతుంది, కాబట్టి దారి ముందే రాసిపెట్టే వీలు కూడా లేదు. పైగా ఆబ్లివియన్ నుంచి ప్రతి మాటకీ గొంతు ఇవ్వాలి. పేరాలకి పేరాలు దారి చెప్పించడం ఖర్చు. బాణం ఆపేస్తే దాని వెనక ఏమీ మిగల్లేదన్నదే అసలు ఫిర్యాదు. అది రాయి.

స్కైరిమ్ చేసిన బెథెస్డా కంపెనీదే ఫాల్అవుట్ 4 (2015), దాని సంభాషణలకీ ఇదే కొలత. హీరోకి గొంతిచ్చారు, జవాబుల్ని కంట్రోలర్ మీద నాలుగు బటన్లకి సరిపడా నాలుగుకి కుదించి, ఒక్కోదాన్నీ రెండు మూడు ముక్కల్లో చూపించారు. నొక్కాక హీరో ఏమంటాడో ముందు తెలియదు. అదే కంపెనీ 2023లో తెచ్చిన స్టార్‌ఫీల్డ్‌లో హీరో మళ్ళీ మూగవాడయ్యాడు, పూర్తి వాక్యాలు తెర మీదికొచ్చాయి. అభిమానుల సణుగుడంతా ఉత్తిదే అనేవాళ్ళకి ఇది చూపించు.

‘క్యాజువల్స్’ (ఏదో సరదాకి ఆడేవాళ్ళు) అన్న మాట కొట్టెయ్యి. నీ తెలుగు పాఠకుల్లో చాలామందికి మొట్టమొదటి ఆర్పీజీ స్కైరిమే అయి ఉండొచ్చు. వాళ్ళని తిట్టి వాళ్ళచేతే మారోవిండ్ ఆడించలేవు. రెండో ప్రతిలో ప్రతి ఫిర్యాదు దగ్గరా పాత ఆటలోంచి ఒక సందర్భం, కొత్త ఆటలోంచి అలాంటిదే ఇంకొకటి పక్కపక్కన పెట్టు. సందర్భం దొరకని ఫిర్యాదుని తీసేసి, మంత్రాలు సొంతంగా తయారుచేసుకునే వసతి స్కైరిమ్‌లో పోవడం గురించి ఒక పేరా చేర్చి పంపు.

ఉంటాను,
అన్నయ్య